జీపు రెండోసారి వచ్చింది

ఎర్రమంచి,
ఆగస్టు నెల

ధర్మవరంలో ఉండే వియ్యంకుడు నారాయణప్ప బావకు కుళ్లాయప్ప రాసే జాబు.

ఈడ అంతా క్షేమం అని రాస్తే అబద్ధమైతాది. కాబట్టి రాయను.

ఫోను చేయొచ్చు గదా అంటావు. నా చెవుల సంగతి నీకు తెల్సు. నేను ఫోనులో మాట్లాడితే ఊరంతా వింటాది, నాకొక్కనికే వినపడదు. రాత్రి బడిలో నేర్చిన నాలుగక్షరాలు ఇట్లాంటప్పటికే. తప్పులుంటే సర్దుకో. తప్పులు పట్టేంత చదువు నీకూ లేదు.

నీ బిడ్డ వీణ నా కొడుకును చేసుకొని ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచి, దానికి ముందు గూడా, మా వాకిట్లో పోలీసోడు కాలు పెట్టింది లేదు. మొన్న పెట్టినాడు. మన మనవరాలు వెన్నెల పెద్దమనిషైన ఫంక్షను నాడే.

మీ ఇంటామె ఆస్పత్రిలో ఉండాదని నువ్వు రాలేకపోతివి. మేనమామ లెక్కన నీ చిన్నకొడుకు వీరేషును పంపితివి. పిల్లోడు పద్ధతిగానే ఉన్యాడు. పచ్చాకు కొట్టుకొచ్చి గుడిసె వేసె. నువ్వు నేసిన చీర పళ్లెంలో పెట్టె. చెడగొట్టింది నా కొడుకు హనుమంతు. వీధి మొగదల ఇంటంత ఫ్లెక్సీ కట్టించినాడు. దాంట్లో ఒక పక్క వెన్నెల చీర కట్టుకొని, ఇంకొక పక్క వీరేషు కండ్లద్దాలు పెట్టుకొని. ఫోటోలోడు ఇద్దరి మెడల్లోనూ దండలేసినాడు. చూస్తేనే నాకు రోత పుట్టె. ఓట్లకు నిలబడినట్ల ఉన్యారు ఇద్దరూ.

ఓళిగలు వడ్డిస్తాండారు. జీపు వచ్చె. దాంట్లోంచి ఒక మేడం దిగె. పేరు వాణి అంట, హిందూపురం ఆఫీసంట. మన పిల్ల పోయే బడికి వారానికొకతూరి వచ్చి ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకొని కష్టసుఖాలు అడిగే ఉద్యోగమంట. అదీ ఒక ఉద్యోగమా. ఎనక ఇద్దరు పోలీసులు. వెన్నెలతో చదివే దీపిక అనే పిల్ల ఆ ఫ్లెక్సీ ఫోటో ఈమెకు ఫోనులో చూపిచ్చిందంట.

"పెద్దాయనా, ఈ పెండ్లి ఆపాల" అనె ఆమె, నా చెవికాడికి వచ్చి.

"ఎవరి పెండ్లి" అంటి.

"ఈ పాపది. ఎనిమిదో తరగతి పిల్ల."

"పెండ్లికొడుకు యాడ?"

వీరేషును చూపిచ్చె. ఊరంతా నవ్వె. "వాడు మేనమామ తల్లీ. నువ్వు పెద్దమనిషైనప్పుడు నీకెవరు గుడిసె వేసిరి, తాసిల్దారా" అంటి. ఇంగా నవ్విరి. ఆమె మొగం రాగిచెంబు మాదిరి అయిపోయె. ఈలోపల పోలీసోడు బూట్లు గూడా ఇప్పకుండా పచ్చాకు గుడిసె కాడికి పోయి లోపలికి తొంగి చూసె. పిల్ల మోకాళ్లలో తల పెట్టుకొని ముడుచుకుపోయె. పిల్లల్ని కాపాడేదానికి వచ్చినోళ్లు పిల్లను చూసే తీరు అదా.

నేను ఇడ్సలేదు. మేడాన్ని వీధి నడుమ నిలబెట్టి, "తప్పయిందని గట్టిగా చెప్పు, నాకు వినపడాల" అంటి. చెప్పె. ఒకతూరి వినపళ్లేదంటే మళ్ల చెప్పె. తర్వాత ముగ్గుర్నీ పంక్తిలో కూర్చోబెట్టి ఓళిగలు, చిమ్మిలి తినిపిచ్చి పంపినా. ఆమె తల ఎత్తకుండా తినిపాయె.

మీ ఇంటామె ఎట్ల ఉండాదో రాయి.

కుళ్లాయప్ప


ధర్మవరం,
సెప్టెంబరు

కుళ్లాయప్ప బావకు నమస్కారం.

జాబు చదివి రామక్కకు వినిపిస్తి. ఆస్పత్రి నుంచి వచ్చినాక ఆమె నవ్వింది అదే మొదలు. పోలీసులకు పంక్తి వేసినోడివి జిల్లాలో నువ్వొక్కడివే. వీరేషు గూడా వచ్చి అంతా చెప్పినాడు గానీ నీ మాదిరి చెప్పలేకపోయినాడు.

రామక్క లేచి తిరుగుతాంది గానీ మగ్గం కాడ కూర్చునే శక్తి లేదు. నేసేటప్పుడు పక్కన కూర్చొని అంచు పట్టేదానికి రెండో మనిషి లేక మా చీర నిదానంగా నడుస్తాంది.

ఒక మాట చెప్తా, తప్పు పట్టొద్దు. నోటితో తిట్టింది గాలికి పోతాది. నువ్వు పెద్ద ఆఫీసరుకు అర్జీ పెట్టు. నిండు ఫంక్షనులో ఆడపిల్లను అవమానం చేసినారని రాయి. ఆ మేడం ఇంక ఎవరింటికైనా జీపు తీసుకొని పోవాలంటే చెయ్యి వణకాల. మన వాకిలి జన్మలో తొక్కకూడదు.

ఇంకొకటి. పోలీసులు వచ్చిన ఇల్లు అనే మాట మంచిది కాదు. ఏంటికి వచ్చినారని ఎవరూ అడగరు, వచ్చినారని మాత్రం చెప్పుకుంటారు. ఆడపిల్ల విషయం. పెద్దోళ్లం మనమే ఆలోచన చేయాల. తొందరేం లేదు. ముందు అర్జీ సంగతి చూడు.

ఇట్లు,
నారాయణప్ప


ఎర్రమంచి,
సెప్టెంబరు నెలాఖరు

నారాయణప్ప బావకు.

అర్జీ నేనే రాసినా, నా చేత్తోనే. వెన్నెల బడి హెడ్మాస్టరు చంద్రమోహన్ సారుకు ఒకటి ఇస్తి, పెద్దాఫీసుకు ఒకటి పంపిస్తి. సారు లేచి కుర్చీ వేసి, టీ తెప్పిచ్చి, "మీలాంటి పెద్దోళ్లు అడిగితేనే వీళ్లకు బుద్ధొస్తాది" అనె. ఆ మేడాన్ని ఈ బడికి రాకుండా తప్పిచ్చినారు. హిందూపురంలోనే కూర్చోమన్నారంట. గెలిచినా అనుకుంటి.

ఇప్పుడు విను. వెన్నెల బడికి పోవడంల్యా. ఫంక్షను అయినాక పదకొండు దినాలు ఇంట్లోనే అంటే సరే అంటిమి. ఇప్పుడు నెల దాటె. "రవంత ఉండనీ మామా, బస్సులో పిల్లోళ్లు నవ్వుతాండారంట" అని వీణ నా చెవిలో చెప్పె. పిల్ల గడప మీద కూర్చొని గొర్లను చూస్తా ఉంటాది. దీపిక వచ్చి ఆ దినం చెప్పిన పాఠాలు చెప్పిపోతాంది. ఈ దీపికే గదా జీపు తెప్పిచ్చింది అని నేను దాన్ని కసిరితి. అది బయపళ్లా. నా చెవికాడికి వచ్చి గట్టిగా చెప్పె:

"తాతా, వాణి మేడం రాకముందు మా బాత్రూముకు తాళం ఉండె. చుట్టాలు వస్తే వాడేదానికని సార్లు పెట్టుకున్యారు. మేము పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటాంటిమి. మేడం కొట్లాడి తీపిచ్చె. నువ్వు ఆమెను పంపిస్తివి. వారానికే మళ్ల తాళం వేసిరి."

ఆ దినమే బడికి పోయినా. చంద్రమోహన్ సారును అడిగితి. "నీళ్ల సమస్య పెద్దాయనా" అనె. "నీ ఇంట్లో బాత్రూముకు తాళం వేసి బీగం చెవి నీ జేబులో పెట్టుకుంటావా, నీ బిడ్డకు చెప్తావా నీళ్ల సమస్యని" అంటి. ఈతూరి కుర్చీ వేయలేదు. గోడ మీద బొమ్మలు మాత్రం ఉండాయి, పిల్లల హక్కులని, రంగులేసి. ఆ గోడ ఎనకాలే తాళం. ఉమ్మి వేయబోయి, బడి గదా అని మింగితి. ఆయప్ప వేసిన కుర్చీలో ముందొకతూరి కూర్చున్యానే అని ఇంటికి వచ్చి స్నానం చేస్తి.

ఇంట్లో అందరూ తెల్లారితే ఫోనులే. నా పక్కన కూర్చొనే మాట్లాడుతారు. పెదాలు ఆడేది కనపడతాది. ఏంటిదని అడిగితే ఏం లేదంటారు. నీకేమన్నా తెల్సా.

కుళ్లాయప్ప


ధర్మవరం,
అక్టోబరు

బావకు నమస్కారం.

నువ్వు ప్రతిదానికీ మనసు పాడు చేసుకుంటావు. బాత్రూము తాళం మనం తీసేదా, వేసేదా. సర్కారు బడి అంటే అట్లనే.

బడికి పోకపోతే ఏమైతాది. ఇంట్లో ఉండే పరీక్ష రాసే పద్ధతి ఉండాదంట. ఎందరో పిల్లలు రాస్తాండారు. ఆడపిల్ల రోజూ బస్సెక్కి నవ్వించుకునేదానికన్నా అదే మేలు. వీణ ఏమి చేసినా ఆలోచన చేసే చేస్తాది. నా బిడ్డ అని చెప్పడం కాదు.

ఫోనుల సంగతి అడిగినావు. రామక్క ఒంట్లో బాగలేదు గదా, తల్లీబిడ్డలు మాట్లాడుకుంటాంటారు.

కార్తీకమాసంలో హనుమంతు, వీణ, వెన్నెల ఒక దేవుని కాడికి పోయి వద్దామంటాండారు. రామక్క మొక్కు ఉండాది. మేమూ వస్తాం. నువ్వు మందను వదిలి వచ్చేది కష్టం. ఆ కాలంలో గొర్లకు రోగాలు జాస్తి. నువ్వు ఇంటికాడనే ఉండు బావా. ప్రసాదం పంపిస్తాం.

ఇట్లు,
నారాయణప్ప


ఎర్రమంచి,
కార్తీకం మొదట్లో

నారాయణప్పా.

నిన్ను బావ అని పిలిచేదానికి నాలుక రావడంల్యా.

పెనుకొండ టీ అంగడి కాడ తిప్పేస్వామి కనపడె. టెంపో తోలుతాడే, వాడు. దూరం నుంచే అరిచె. "ఏం కుళ్లాయప్పన్నా, మనవరాలి పెండ్లి పెట్టుకొని ఈడ టీ తాగుతాండావే. బండి నాదే గదా మాట్లాడింది. ఈ శుక్రవారం గాక పై శుక్రవారం గదా" అనె. నేను చెవి దగ్గరికి పోతి. మళ్ల చెప్పమంటి. వాడు అనుమానం లేకుండా అంతా చెప్పె. రొళ్ల దాటినాక ఒక గుడి, కర్ణాటక గడ్డ మీద. ఆడ అయితే మన ఆఫీసర్లు రారంట. పిల్ల వెన్నెల, పెండ్లికొడుకు నీ వీరేషు. టీ అంగడోనికి గూడా తెల్సు. తిప్పేస్వామికి తెల్సు. బండి క్లీనరుకు తెల్సు. ఆ ఇంటి పెద్దకు తెల్దు.

దేవుని మొక్కు అంటివే. ప్రసాదం పంపిస్తానంటివే. పిల్లను ప్రసాదం మాదిరి పంచుకుంటారా.

నా పక్కన కూర్చొని, నా బువ్వ తింటా, నా కండ్ల ముందరే ఫోనులో ముహూర్తం పెట్టుకున్యారు. చెవిటోడు గదా, గోడ లెక్క అనుకున్యారు. వీధిలో కుక్కకైనా రవంత మరుగుకు పోయి మాంసం తినేంత సిగ్గు ఉంటాది. నాకు అరిచేదానికి గూడా మనసు రాలే.

హనుమంతును అడిగితి. "పోలీసులు వచ్చిన ఇల్లని ఇప్పటికే అంటాండారు నాయనా, రేపు ఎవరు చేసుకుంటారు. మామే అయితే ఇంటి మనిషి" అనె. వీణ పొయ్యికాడ నుంచి లేవలే.

నువ్వు పెద్దమనిషివి. ఈ పని మొదలుపెట్టింది నువ్వే అని నాకు తెల్సు. నువ్వే ఆపు. పద్దెనిమిది నిండినాక ఆ పిల్ల సరే అంటే నేనే పీట వేస్తా. ఇప్పుడు ఆపు. జవాబు రాయి.

కుళ్లాయప్ప


ధర్మవరం,
కార్తీకం

బావకు.

తెలిసిపోయె గాబట్టి దాచను. అవును, నేనే కుదిర్చినా.

నీకు గొర్లు ఉండాయి, భూమి ఉండాది. మా సంగతి నీకేమి తెల్సు. ధర్మవరంలో మగ్గం ఉండే ఇంటికి ఎవురూ పిల్లనివ్వరు. బెంగుళూరులో షాపింగు మాల్ కాడ వాచ్‌మనుకైనా ఇస్తారు గానీ నేతగానికి ఇవ్వరు. వీరేషుకు ఎన్ని ఊర్లు తిరిగినానో. ఇరవై తొమ్మిది దాటె. రామక్క మంచం మీద నుంచి రోజూ అదే అడుగుతాంది. నా బిడ్డ బిడ్డ నా ఇంటికి వస్తే పరాయి ఇంటికి పోయినట్లా. మామ ఇల్లు దానికి కొత్తా. అంచు పట్టేదానికి ఒక మనిషి అయితాది, రామక్కను చూసుకుంటాది. దాన్ని ఎవురు కొడతారు, ఎవురు తిడతారు.

వయసు అంటావు. నీ పెండ్లాం నీ ఇంటికి వచ్చినప్పుడు ఎంత వయసు. అప్పుడు ఏ జీపు వచ్చె. అప్పుడు నీకు రోత రాలేదా.

ఇంక ఎవరికో చెప్పి ఆపిస్తానని మనసులో ఉంటే వదులుకో. ఆ మేడం ఒకసారి వచ్చి ఊరి నడుమ నవ్వులపాలై పోయింది. అర్జీ పెట్టి ఉద్యోగం కాడ తల దించుకునేట్ల చేసింది ఎవురు? నువ్వే. ఇంక నీ వాకిలికి ఎవురు వస్తారు?

శుక్రవారం ఇంట్లోనే ఉండు. గొడవ చేస్తే నీ ఇంటి పరువే పోతాది.

నారాయణప్ప


హిందూపురం,
మీ ఆఫీసు బయట బెంచీ మీద

వాణి మేడానికి.

నేను ఎర్రమంచి కుళ్లాయప్పను. మీచేత వీధిలో తప్పు చెప్పిచ్చినోన్ని. అర్జీ పెట్టినోన్ని.

మీరు ఈ ఊరి బడులకు పోయినారంట, సాయంత్రం వస్తారంట. నాకు కడపటి బస్సు ఉండాది. నేను ఫోనులో వినలేను. అందుకే కాగితం అడిగి రాస్తాండా. ఈడ ఉండే గుమస్తా నన్ను చూసి, "మళ్ల ఏం కంప్లైంటు తాతా" అని నవ్వె. నవ్వనీ.

వెన్నెలకు నిజంగానే పెండ్లి. శుక్రవారం పొద్దున ఇంటి నుంచి టెంపో కదుల్తాది. రొళ్ల అవతల గుళ్లో తాళి. పెండ్లికొడుకు మీరు ఆ దినం చూపిచ్చినోడే. ఆ దినం మీరు చెప్పింది అబద్ధం, ఇప్పుడు నిజమాయె. మీరు వచ్చినందుకే నిజమాయె. మీరు వచ్చిన సిగ్గుకు మావోళ్లు తొందరపడినారు. మీరు మళ్ల రాలేరన్న ధైర్యానికి దినం పెట్టుకున్యారు.

పిల్లను గొర్ల దొడ్డి కాడికి పిల్చుకొని పోయి అడిగినా. "నీకు ఇష్టమేనా" అంటి. నా మొగం చూసి, "నన్ను అడుగుతాండావా తాతా" అనె. ఔ అంటి. "ఈ ఇంట్లో అడిగింది నువ్వే మొదలు. మామ మంచోడే. చిన్నప్పుడు నన్ను ఎత్తుకొని తిరిగినాడు. నాకు పెండ్లి వద్దు. బడికి పోవాల. దీపిక ఒక్కతే కూర్చుంటాందంట బెంచీలో" అనె. అంతే చెప్పె. ఏడవలే. ఏడ్సింటే నాకు రవంత సులువయ్యేది.

అర్జీ నేను వెనక్కి తీసుకుంటా. తీసుకోకూడదంటే ఇంకొకటి రాసిస్తా. మీరు రాకపోయినా మిమ్మల్ని తప్పు పట్టను. నేనైతే వచ్చేవాన్ని గాదు.

కుళ్లాయప్ప


హిందూపురం,
బుధవారం

కుళ్లాయప్ప తాతకు,

మీ కాగితం చదివాను. ఫోను లాభం లేదు కాబట్టి సాయంత్రం బడి నుంచి బస్సెక్కే చోట దీపికను కలిసి, ఈ ఉత్తరం ఆ పిల్ల చేతికి ఇచ్చి పంపుతున్నాను. మీ చేతికే ఇమ్మని చెప్పాను.

అర్జీ సంగతి తర్వాత. ఆ రోజు పోలీసాయన గుడిసెలోకి తొంగి చూడటం తప్పే. నేను ముందు విచారించకుండా రావడం కూడా తప్పే. మీరు చెప్పించినా చెప్పించకపోయినా నేను చెప్పాల్సిన మాటే అది. అయితే రెండోసారి చెప్పించారు చూడండి, అది మాత్రం మీ గొప్ప కోసం.

శుక్రవారం వస్తాను. కానీ ఒకటి అర్థం చేసుకోండి. బండి సరిహద్దు దాటితే అవతలి జిల్లా వాళ్లకు చెప్పి, వాళ్లు కదిలేలోపు తాళి పడిపోతుంది. అందుకే మీ వాకిట్లోనే ఆగాలి. అక్కడ మీ వాళ్లు తీర్థానికి పోతున్నాం అంటారు. ఊరు నవ్వుతుంది. మా పోలీసులు ఒకసారి దెబ్బ తిన్నారు, ఈసారి ముందుకు రారు. మీరు నిలబడి, మీ కొడుకు, కోడలు ముందర, ఊరి ముందర, ఇది పెండ్లే అని చెప్పాలి. చాటుగా నాకు చెప్తే చాలదు. కాగితం మీద రాస్తే చాలదు.

చెప్పిన తర్వాత ఆ ఇంట్లో మీకు కష్టంగా ఉంటుంది. అదీ తెలిసే నిర్ణయం తీసుకోండి. మీరు నోరు తెరవకపోతే నేను మళ్లీ నవ్వులపాలై వెళ్తాను. నాకు అలవాటైంది. వెన్నెలకు మాత్రం పెండ్లి అయిపోతుంది.

వాణి


ఎర్రమంచి,
కార్తీకం నెలాఖరు

నారాయణప్పకు.

నీకు ఫోనులో అందరూ చెప్పింటారు. ఒక్కొక్కరు ఒక్కో తీరుగా. నేను నా తీరుగా చెప్తా.

టెంపోలో పెట్టెలు ఎక్కిస్తాండారు. జీపు వచ్చె. వీధిలో పిల్లోళ్లు, "మళ్ల వచ్చిందిరా ఓళిగల మేడం" అని కేకలేసిరి. పెద్దోళ్లు గూడా పండ్లు బయటపెట్టి నిలబడిరి. ఆ పోలీసోడే వచ్చినాడు. ఈతూరి గడపకు దూరంగా నిలబడె, నేలచూపు చూస్తా.

"రొళ్ల దావ దేవునికి పోతాండాం మేడం. మొక్కు. అదీ నేరమేనా" అనె హనుమంతు. అందరూ నవ్విరి. మేడం వాన్ని చూడలే. నన్నే చూసె.

ఆ వీధిలో నేను ఏ దినమూ తగ్గి మాట్లాడలేదు. నా కొడుకు దొంగ అని నా నోటితో నేనే చెప్పాల. ఊరంతా నా దిక్కే చూస్తాండారు, ఆమెను ఈతూరి ఎట్ల ఏడిపిస్తానో అని. వాళ్ల మొగాల్లో ఆ ఆశ చూస్తే నాకు అందరి మీదా రోత పుట్టె. పోయినతూరి నేను నవ్విచ్చింది ఈ నవ్వేనా అనిపిచ్చె.

"ఇది పెండ్లే" అంటి.

"నాయనకు వినపడదు మేడం. మతి గూడా ఉండీ ఉండనట్ల" అనె హనుమంతు.

"నాకు వినపడదు. కండ్లు కనపడతాయిరా" అంటి. "ఆ నల్ల సంచిలో తాళిబొట్టు ఉండాది. దాని కింద నీ మామ నారాయణప్ప నేసిన తలంబ్రాల చీర ఉండాది. తీర్థానికి తలంబ్రాల చీర కట్టుకొని పోయేది యాడన్నా చూసినారా మీరెవురైనా. నవ్వండి ఇప్పుడు."

ఎవురూ నవ్వలే. మేడం సంచి తెరిపిచ్చె. చీర బాగా నేసినావు. దాన్ని చూసి ఆడోళ్లు నోటికి చెంగు పెట్టుకున్యారు.

వెన్నెల టెంపో దిగె. నా దిక్కు రాలే, మేడం దిక్కు పోలే, వాళ్లమ్మ దిక్కూ పోలే. బండికీ జీపుకూ నడుమ నిలబడె, ఎవరి పిల్లా కానట్ల. మేడం పోయి దాని చెవిలో ఏమో అడిగె. అది తల ఊపె. ఏమి అడిగిందో నాకు తెల్దు.

పిల్లల సంగతులు చూసే కమిటీ వాళ్లు, పద్దెనిమిది నిండేదాకా పెండ్లి లేదని రాయించి హనుమంతు చేతా, వీణ చేతా సంతకం పెట్టిచ్చుకున్యారు. ఇంటికి పోతావా అని పిల్లను అడిగితే, ఇంటికి పోతే మళ్ల ఏం చేస్తారో, హిందూపురం హాస్టల్లో ఉండి చదువుకుంటాననె. పంపిచ్చినారు.

హనుమంతు నాతో మాట్లాడడంల్యా. వీణ బువ్వ గిన్నె వాకిట్లో పెట్టి పోతాంది, మందకు పెట్టినట్ల. తింటాండా. నా ఇల్లు, నా గింజలు, ఏంటికి తినను.

నా పెండ్లాం వయసు అడిగితివి. ఆమె పోయినాది. ఆమెను అడిగేదానికి లేదు. ఈ పిల్లను అడగొచ్చు. అందుకే అడిగినా.

కుళ్లాయప్ప


ధర్మవరం,
డిసెంబరు

కుళ్లాయప్పకు.

నీకు జాబు రాయకూడదని ఒట్టు పెట్టుకొని, మళ్ల రాస్తాండా.

రామక్క రెండు దినాలు బువ్వ తినలేదు. బంధువుల్లో తల ఎత్తుకోలేకుండా ఉండాం. నా బిడ్డ వీణ ఫోను చేస్తే ఏడుపే గానీ మాట లేదు. ఇదంతా నువ్వు చేసిందే. నీ నోరు ఆ దినం ఆ మేడం మీద పడకుండా ఉండింటే ఏమీ జరిగేది కాదు. నీ నోరు ఈ దినం మూసుకొని ఉండింటే ఏమీ చెడేది కాదు. రెండుతూర్లూ నీ నోరే.

ఒక సంగతి నీకు చెప్పకూడదనుకున్యా. వీరేషు మగ్గం దిగి వచ్చి నా ముందర నిలబడి చెప్పినాడు. "మీరు నన్ను గూడా ఎవురూ అడగలేదు నాయనా. నేను ఆ పిల్లకు ఉగ్గు పెట్టినోన్ని" అనె. అని మళ్ల పోయి మగ్గం కాడ కూర్చున్యాడు. అప్పట్నుంచి నాతో పని మాటలు తప్ప మాట్లాడడంల్యా.

రామక్క మనవరాలిని చూడాలంటాంది. హాస్టలుకు పోతే మమ్మల్ని లోపలికి రానిస్తారో, పోలీసులను పిలుస్తారో తెలీదు. అడిగేదానికి నాకు సిగ్గు. నిన్ను అడిగేదానికి ఇంకా సిగ్గు. అడగడంల్యా. ఊరక రాస్తాండా.

నారాయణప్ప


ఎర్రమంచి,
డిసెంబరు, సోమవారం

నారాయణప్ప బావకు.

నిన్న ఆదివారం హాస్టలుకు పోయినా. ఆదివారం ఇంటోళ్లను రానిస్తారు. పోలీసులూ లేరు, ఎవురూ లేరు. గేటు కాడ పేరు చెప్పేదే.

ఆ హాస్టలూ రోతే, నీకు అబద్ధం చెప్పను. సాంబారులో పప్పును వెతుక్కోవాల. గుడ్డు చూస్తే పావురం పెట్టినట్ల ఉండాది. బాత్రూములు తెరిచి చూపిచ్చమంటి. వార్డెనమ్మ మొగం మాడ్చుకొని చూపిచ్చె. తాళం లేదు, నీళ్లు ఉండాయి, తలుపుకు గడియ మాత్రం లేదు. గడియ వేయించేదాకా ప్రతి ఆదివారం వచ్చి ఇదే అడుగుతా అంటి. వాణి మేడం ఆడనే ఉండె. "తాతా, తల్లిదండ్రుల కమిటీ అని ఒకటి ఉంది, దాంట్లో కూర్చోండి, అరిచేవాళ్లు తక్కువగా ఉన్నారు" అనె. కూర్చుంటానంటి. ఆమె పని ఉద్యోగమే కాదు అనుకున్యా గానీ, శానా కష్టం ఆ పని. రోజూ ఈ రోత చూసి మళ్ల తెల్లారి లేచి పోవాల.

అసలు సంగతి చెప్తా. పెనుకొండలో నేను బస్సెక్కి కూర్చుంటే, ఎనక తలుపు నుంచి వీణ ఎక్కె. చేతిలో టిఫిను క్యారియరు. నన్ను చూసి దిగిపోతాదేమో అనుకుంటి. దిగలే. ఎనక సీట్లో పోయి కూర్చునె. కండక్టరు ఆమెకు ఊరక టిక్కెట్టు ఇచ్చె, నాకాడ దుడ్లు తీసుకునె. హిందూపురందాకా ఒకే బస్సులో పోతిమి. ఒక్క మాట లేదు.

గేటు కాడ వెన్నెల వచ్చి మా ఇద్దర్నీ చూసె. తర్వాత వాళ్లమ్మ దగ్గరికి పోయె. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్సిరి. వీణ ఏడుస్తానే ముద్దలు కలిపి పెట్టె. పిల్ల తింటానే తరగతిలో ఏం చెప్పినారో చెప్తాండె, చేతులు తిప్పుకుంటా. నేను గోడ నీడన కూర్చొని చూస్తాంటి. పిల్ల నా దగ్గరికి శానాసేపు రాలే. వచ్చి నా పక్కన రవంతసేపు కూర్చొని, నా భుజం గుడ్డ సర్ది, మళ్ల వాళ్లమ్మ కాడికే పోయె. దానికి అమ్మ కావాల. పద్నాలుగేండ్ల పిల్లకు అంతకన్నా ఏం కావాల. దాన్ని ఇంకొకరికి పెండ్లాన్ని చేయాలనుకుంటిమి మనం.

వచ్చేటప్పుడు గూడా అదే బస్సు. వీణ ఇంటికి వచ్చి బువ్వ గిన్నె వాకిట్లోనే పెట్టె. గిన్నెలో, పిల్లకని వండి తీసుకుపోయినదాంట్లో మిగిలిన కోడికూర ఉండె.

రామక్కను తోడుకొని రా. ధర్మవరం నుంచి పెనుకొండకు పొద్దున్నే బస్సు ఉండాది. ఆడి నుంచి హిందూపురానికి మేము ఎక్కే బస్సే ఎక్కండి. నేను ముందు సీట్లో ఉంటా, వీణ ఎనక సీట్లో ఉంటాది. మీరు నడుమ కూర్చోండి. మాట్లాడాల్సిన పనేం లేదు.

కుళ్లాయప్ప